గ్లేసియర్ చీలికలో పడినవాళ్లను పైకి తీయడం: యాత్రకు ముందు సాధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లేసియర్ (నెమ్మదిగా కదిలే మంచు నది) మీద అందరూ ఒకే తాడుకు కట్టుకుని నడవబోయే జట్లు బయల్దేరే ముందు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కోర్సు చేయకుండా ఇది చదివి నేర్చేసుకోవచ్చని అనుకోవద్దు. శిక్షకుడి దగ్గర ఒకసారి నేర్చుకున్నవాళ్లు దాన్ని మరిచిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలో చెప్పడానికే రాశాను. ఇందులో పుల్లీల గురించి తక్కువ, పడ్డవాళ్లను ఆపడం గురించి, బరువును యాంకర్‌కు (మంచులో పాతి తాడు కట్టే ఆధారానికి) మార్చడం గురించి ఎక్కువ ఉంటుంది. ప్రాణాలు ఆధారపడేది ఆ రెండింటి మీదే.

కోర్సు చేశాను, వీడియోలూ చూశాను. మళ్లీ సాధన దేనికి?

ఇందులో ఏ ముడీ కష్టం కాదు. వాటిని సరైన వరుసలో వేయడమే కష్టం. ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును పట్టేసి, బరువు తీస్తే జరిగే ముడి) ఇంట్లో కూర్చుని ఎవరైనా వేస్తారు. తాడు నడుమును ముందుకు లాగేస్తూ, ముఖం మంచులో ఉండి, చేతులకు మందపాటి గ్లవ్స్ ఉండి, అవతలి చివర వేలాడుతున్న మనిషి మాట వినబడని స్థితిలో అదే ముడి వేయడం వేరే సంగతి. అప్పుడు ఆలోచించి చేసే పనులు ఆగిపోతాయి, అలవాటైన పనులే జరుగుతాయి. కొన్ని నెలలు తాడు ముట్టుకోకపోతే ముందుగా చెదిరేది ఈ వరుసే. యాంకర్‌కు బరువు ఎక్కించాక బ్యాకప్ కట్టామా లేదా అన్నది టెన్షన్‌లో గుర్తుండదు.

ఇంకో కారణం కూడా ఉంది. కోర్సులో మీరు వాడింది వేరే తాడు, మీతో ఉన్నది వేరే మనుషులు. ఇప్పుడు వెళ్లే జట్టు, తీసుకెళ్లే సామాను వేరు. సాధన ఈ జట్టుతో, ఈ సామానుతోనే జరగాలి.

బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా పడతారా?

పడతారు. 1950లో అన్నపూర్ణ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరైన లూయీ లాషెనాల్, 1955లో మాంట్ బ్లాంక్ ప్రాంతంలోని వాలీ బ్లాంష్‌లో స్కీల మీద వెళుతూ చీలికలో పడి చనిపోయారు. ఇటలీకి చెందిన రెనాటో కాసారోట్టో 1986లో కే2 మీద ఒంటరిగా ప్రయత్నించి దిగివస్తూ బేస్ క్యాంప్‌కు దగ్గర్లో చీలికలో పడ్డారు. ఆయన్ని పైకైతే తీశారు, ప్రాణం మాత్రం దక్కలేదు. ఇద్దరూ పడింది నిటారు గోడల మీద కాదు, చూడటానికి నడిచిపోయేలా ఉన్న మంచు మీద.

గ్లేసియర్ కదులుతూనే ఉంటుంది. అడుగున ఉన్న నేల ఒక్కసారిగా వాలినచోట, మలుపు తిరిగినచోట పైపొర సాగలేక పగులుతుంది. కొన్ని పదుల మీటర్ల లోతున ఒత్తిడి వల్ల ఐస్ నెమ్మదిగా ప్రవహిస్తుంది కాబట్టి పగుళ్లు సాధారణంగా అక్కడితో ఆగుతాయి. ఆ పగులు మీద కొత్త మంచు పేరుకుని వంతెనలా కప్పేస్తుంది. దాని మందం పైనుంచి చూస్తే తెలియదు. తెల్లవారుజామున గడ్డకట్టి మోసిన వంతెనే మధ్యాహ్నం ఎండకు మెత్తబడి కూలిపోవచ్చు. అనుభవం ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసేయదు.

మంచే లేని చోట సాధన కుదురుతుందా?

చాలావరకు కుదురుతుంది. కదలని పెద్ద చెట్టు, కాస్త వాలుగా ఉన్న నేల, బరువు నింపిన బ్యాగు చాలు. తాడుకు కట్టుకోవడం, మిగతా తాడును చుట్టలుగా భుజానికి వేసుకుని ముడివేయడం, ప్రూసిక్‌లతో బరువును యాంకర్‌కు మార్చడం, 2:1, 3:1 పుల్లీలు (లాగే బలాన్ని రెండింతలు, మూడింతలు చేసే అమరికలు) కట్టడం, తాడు ఎక్కడం అన్నీ నేల మీదే చేతికి పట్టించుకోవచ్చు. మొదట గ్లవ్స్ లేకుండా, తర్వాత గ్లవ్స్‌తో, ఆపైన చీకట్లో హెడ్‌ల్యాంప్ వెలుగులో చేయండి. తాడును నీళ్లలో తడిపి ఒకసారి చేసి చూడండి. పొడి తాడు మీద గట్టిగా పట్టిన ప్రూసిక్ తడి తాడు మీద జారడం గమనిస్తారు.

నేల మీద నేర్చుకోలేనివి మూడు: ఐస్ యాక్స్‌తో (మంచు గొడ్డలితో) జారుడు ఆపడం, మంచులో యాంకర్ పాతడం, చీలిక అంచు దాటించడం. వీటికి మంచు కావాలి. యాత్ర మొదలయ్యాక ఎత్తుకు అలవాటు పడే రోజుల్లో ఒక పూట వీటికే కేటాయించండి.

అన్నిటికంటే ముందు ఏది సాధన చేయాలి?

పడ్డ మనిషిని ఆపడం. అది జరగకపోతే మిగతాదేదీ అక్కరకు రాదు.

ఎవరైనా పడగానే మిగతావాళ్లు వెంటనే కిందకు వాలి, యాక్స్ ముక్కును మంచులోకి దించి, కాళ్లు తన్నిపెట్టి ఆపాలి. సాధనకు కింద బండరాళ్లు, గుంటలు లేకుండా నెమ్మదిగా సమతలంలో కలిసే మంచు వాలు ఎంచుకోండి. మొదట క్రాంపాన్స్ (బూట్లకు తొడిగే లోహపు పళ్లు) లేకుండా చేయండి. జారుతున్నప్పుడు వాటి పళ్లు మంచులో చిక్కుకుంటే చీలమండ విరగొచ్చు. కడుపు మీద, వీపు మీద, తల కిందికి ఉన్నట్టు, ఇలా ఏ స్థితిలో జారినా తిరిగి ఆగగలగాలి. తర్వాత తాడు కట్టుకుని, ఒకరు వాలు కిందికి పరుగెత్తి లాగితే మరొకరు ఆపాలి. లాగబోతున్నట్టు ముందే చెప్పొద్దు. నిజంగా పడేటప్పుడు ఎవరూ హెచ్చరించరు.

నడిచేటప్పుడు తాడును ఎలా ఉంచారన్నదే ఇందులో సగం పని. తాడు వదులుగా ఉంటే పడ్డ మనిషి అదనంగా అన్ని మీటర్లు పడి, ఆపేవాళ్లను ఒక్క కుదుపుతో ఎత్తి విసిరేస్తాడు. బిగుతుగా, మంచును కాస్త రాసుకుంటూ ఉంటే చాలాసార్లు నడుము దాకా దిగి ఆగిపోతాడు. అంచులోకి దిగబడిన తాడు కూడా చాలా బరువును తనే తీసుకుంటుంది. ముందువాళ్లు మలుపు తిరిగినప్పుడు, ఆగినప్పుడు, ఫొటో తీస్తున్నప్పుడు తాడు వదులవుతుంది. చేతిలో తాడు చుట్టలు పట్టుకుని నడవొద్దు. జట్టంతా చీలికకు సమాంతరంగా నడిస్తే అందరూ ఒకే చీలిక మీద ఉంటారు. అడ్డంగా దాటాలి.

బరువును యాంకర్‌కు మార్చడం అంత ముఖ్యమని ఎందుకంటారు?

ఎక్కువ జట్లు ఇక్కడే తడబడతాయి. మీరు మంచులో బోర్లా పడుకుని ఇంకొకరి బరువు మోస్తున్నారు. లేవలేరు. చేయాల్సిన వరుస ఇది.

ముందు మీ కాళ్లను గట్టిగా పాతుకుని స్థిరపడండి. ముగ్గురి జట్టయితే మధ్యవాళ్లు బరువు పట్టుకుని ఉండగా చివరివాళ్లు తాడుకు ప్రూసిక్‌తో తగులుకుని ముందుకొచ్చి, పట్టుకున్న మనిషికీ చీలికకూ మధ్య యాంకర్ కడతారు. తర్వాత బరువున్న తాడుకు ప్రూసిక్ వేసి, యాంకర్‌కు తగిలించి, బిగుతు అయ్యేదాకా ప్రూసిక్‌ను చీలిక వైపు తోయాలి. అప్పుడు పట్టుకున్నవాళ్లు కొద్దికొద్దిగా వదలాలి. ఆ సమయంలో ఒకరి కళ్లు యాంకర్ మీదే ఉండాలి. మంచు పగులు చూపిస్తుందా, పాతింది పైకి లేస్తుందా చూడాలి. అది నిలిచిందని తేలాక తాడునే నేరుగా యాంకర్‌కు ముడివేసి బ్యాకప్ చేయాలి. ఒక్క ప్రూసిక్ మీద మనిషిని వదిలి ఎక్కడికీ కదలకూడదు. వీలైతే రెండో యాంకర్ కూడా కలపండి.

సాధనలో ఈ ఘట్టం ఒక్కటే విడిగా తీసుకుని చేయండి. బరువుగా బ్యాగును కాదు, మనిషినే పెట్టండి. వాలు కింద ఒకరు తాడు మీద నిజంగా బరువు వేసి వెనక్కి వాలితే, పైనున్నవాళ్లు ఒంటి చేత్తో యాంకర్ కట్టడం ఎంత కష్టమో అర్థమవుతుంది. పాతే పికెట్ (పొడవాటి లోహపు మేకు), స్లింగ్ (పట్టీ ఉచ్చు), ప్రూసిక్ హార్నెస్‌కు (తాడు కట్టుకునే నడుము పట్టీకి) ఏ వైపు వేలాడాలో అప్పుడే నిర్ణయమవుతుంది. బ్యాగు అడుగున ఉన్న పికెట్ మీకు లేనట్టే.

మంచులో యాంకర్ ఎలా?

మెత్తని మంచులో పాతిపెట్టే యాంకరే నమ్మకం. లాగే దిశకు అడ్డంగా కందకం తవ్వి, దాంట్లో యాక్స్‌నో పికెట్‌నో స్కీనో పడుకోబెట్టి, మధ్యలో స్లింగ్ కట్టి, ఆ స్లింగ్ బయటికి రావడానికి చీలిక వైపు సన్నని గాడి తీయాలి. గాడి లోతు తక్కువైతే స్లింగ్ యాక్స్‌ను పైకి పెరికేస్తుంది. యాంకర్‌కు ముందున్న మంచు మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. మోసేది ఆ మంచే. మంచు ఎంత మెత్తగా ఉంటే కందకం అంత లోతుగా ఉండాలి. గట్టి ఐస్ మీదయితే రెండు ఐస్ స్క్రూలు వేసి బరువు సమంగా పంచితే సరిపోతుంది.

కట్టిన ప్రతి యాంకర్‌నూ ముగ్గురు కలిసి లాగి చూడండి. ఊడిపోయిన యాంకర్‌ను తవ్వి ఎందుకు ఊడిందో చూడటం మంచి పాఠం.

తాడు అంచులోకి కోసుకుపోతే?

దాదాపు ఎప్పుడూ కోసుకుపోతుంది. బరువున్న తాడు మంచులో గాడి చేసుకుని దిగిపోతుంది. దాన్ని అలాగే లాగితే మనిషి పెదవిలా బయటికొచ్చిన మంచు కిందికి చేరి అక్కడే ఇరుక్కుంటాడు. అందుకే వీలైనప్పుడల్లా వేరే తాడు కొస దింపి దానితో లాగడం మేలు. దింపే ముందు అంచున యాక్స్ కర్రనో బ్యాగునో పెట్టి దానిమీదుగా తాడు వేయాలి. అలా పెట్టినది కింద ఉన్న మనిషి నెత్తిన పడకుండా దాన్నీ కట్టేయాలి.

అంచు దగ్గరికి వెళ్లేవాళ్లు యాంకర్‌కు కట్టిన తాడు మీద ప్రూసిక్‌తోనే వెళ్లాలి. నించుని కాదు, చివరి రెండు మీటర్లూ పాకుతూ. యాక్స్ కర్ర కొసతో గుచ్చి చూసుకుంటూ వెళ్లాలి. కింద మనిషి ఉన్నప్పుడు అంచును విరగ్గొట్టి దారి చేయాలనుకుంటే ముక్కలు ఎటు పడతాయో ముందు చూడండి.

2:1, 3:1, 6:1లో ఏది నేర్చుకోవాలి?

ఒక్కటే నేర్చుకోగలిగితే 2:1 డ్రాప్ లూప్. యాంకర్‌కు కట్టిన తాడును మడిచి, ఆ మడతలో పుల్లీ, లాక్ క్యారబినర్ (లాక్ పడే లోహపు కొక్కెం) పెట్టి కిందికి దింపితే పడ్డ మనిషి దాన్ని హార్నెస్‌కు తగిలించుకుంటాడు. పైవాళ్లు ఒక పోగు లాగుతారు. కింద ఉన్నవాళ్లు యాంకర్ వైపున్న పోగును తామే లాక్కుంటూ సాయపడగలరు. కోసుకుపోయిన పాత తాడుతో పని ఉండదు. దీనికి తాడు ఎక్కువ కావాలి, కింది మనిషికి స్పృహ ఉండాలి.

3:1 తక్కువ తాడుతో అవుతుంది. యాంకర్ దగ్గర ఒక పుల్లీ, బరువున్న తాడు మీద ప్రూసిక్‌తో ఇంకో పుల్లీ. మూడు మీటర్లు లాగితే మనిషి ఒక మీటరు లేస్తాడు. కానీ అది కాగితం మీది లెక్క. పుల్లీల బదులు క్యారబినర్లే వాడితే రాపిడి వల్ల చేతికి రెండింతలు కూడా దక్కకపోవచ్చు, అంచు దగ్గరి రాపిడి వేరే. ఉన్నది ఒకే మంచి పుల్లీ అయితే దాన్ని మీరు లాగే చేతికి దగ్గరున్న మలుపులో పెట్టండి.

3:1 మీద ఇంకో 2:1 కలిపితే 6:1. ఇద్దరి జట్టులో ఒక్కరే లాగాల్సినప్పుడు అవసరం పడుతుంది. అయితే ఇంత బలంతో లాగితే, మనిషి అంచు కింద ఇరుక్కున్నా పైన తెలియకపోవచ్చు. పక్కటెముకలు విరిగేదాకా లాగే ప్రమాదముంది. ఒక్కసారిగా బరువు పెరిగిందనిపిస్తే ఆపి చూడండి.

ఏ పద్ధతైనా, చేతులు వదిలితే మనిషి తిరిగి కిందికి జారకుండా ఆపే ప్రూసిక్ గానీ, తాడును ఒకవైపే పోనిచ్చే పెట్జ్ల్ మైక్రో ట్రాక్సియన్ లాంటి పుల్లీ గానీ తప్పనిసరి.

మనుషుల మధ్య ఎంత దూరం ఉండాలి? తాడు ఎంత కావాలి?

జట్టును బట్టి, నేలను బట్టి మారుతుంది. ఇద్దరయితే 15 మీటర్లు, ఇంకాస్త ఎక్కువ. ముగ్గురయితే ఒక్కొక్కరి మధ్య 12 మీటర్ల దాకా. నలుగురయితే 8 నుంచి 10 అన్నది చాలామంది పాటించే లెక్క. పెద్ద చీలికలుంటే పెంచుతారు.

ఈ లెక్క కాగితం మీద వేసి చూడండి. 60 మీటర్ల తాడు, ఇద్దరు, మధ్యలో 15 మీటర్లు. మిగిలిన 45 చెరిసగం చేస్తే ఒక్కొక్కరి దగ్గర 22.5 మీటర్లు. యాంకర్ నుంచి పడ్డ మనిషి దాకా 15 మీటర్లున్నాయనుకుంటే డ్రాప్ లూప్‌కు 30 మీటర్లు కావాలి. కాబట్టి చాలదు. ఒంటి పోగు దింపి 3:1 కట్టడానికి సరిపోతుంది. ఈ సంగతి చీలిక అంచున కాకుండా బయల్దేరేముందే తేలాలి.

తాడు మధ్యలో బ్రేక్ ముడులు వేయాలా?

ఇద్దరి జట్టుకు వేయమంటాను. బటర్‌ఫ్లై ముడులు అంచు మంచులో తట్టుకుని పతనాన్ని ఆపడానికి గట్టిగా సాయపడతాయి. కానీ అవే ముడులు లాగేటప్పుడు అడ్డం పడతాయి. ఆ తాడును పైకి లాగలేరు, వేరే కొస దింపాల్సిందే. తాడు ఎక్కేవాళ్లకు ప్రతి ముడి దగ్గరా ప్రూసిక్ తీసి మళ్లీ వేయాల్సిన పని. ముగ్గురు, నలుగురి జట్లలో ఆపేవాళ్లు ఎక్కువ కాబట్టి సాధారణంగా అక్కర్లేదు. గట్టి ఐస్ మీద ఈ ముడులు మంచులోలా తట్టుకోవు.

పడ్డ మనిషి ఏం చేయాలి?

వేచి చూడటమే పని అనుకోవద్దు. చాలాసార్లు తమంతట తామే తాడు ఎక్కి రావడం పైనుంచి లాగడం కంటే సులువు, తొందర.

ముందు ఊపిరి కుదుటపడనివ్వండి. దెబ్బలు చూసుకోండి. పైకి అరిచి చెప్పండి, వినబడకపోవచ్చు. బరువైన బ్యాగు వెనక్కి గుంజి తల కిందులు చేస్తుంది. దాన్ని స్లింగ్‌తో హార్నెస్‌కు కట్టి కిందికి వేలాడదీయండి. వెంటనే జాకెట్ వేసుకోండి. ఎండలో టీషర్ట్‌తో నడుస్తున్నవాళ్లు ఐస్ గోడల మధ్య కొద్దిసేపట్లోనే వణుకుతారు. అందుకే జాకెట్ బ్యాగు పైభాగంలో ఉండాలి.

తర్వాత తాడు మీద రెండు ప్రూసిక్‌లు: ఒకటి హార్నెస్‌కు, ఒకటి కాలికి. కాలి ఉచ్చులో నిలబడి నడుము ప్రూసిక్‌ను జరపడం, దానిమీద కూర్చుని కాలిదాన్ని జరపడం. ఈ ముడిని 1931లో ప్రచారంలోకి తెచ్చిన ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ పేరే దీనికి నిలిచింది. దీని ఉచ్చుల పొడవు మనిషి మనిషికీ మారుతుంది. ఇంటి దగ్గర వేలాడి కొలుచుకుని కత్తిరించుకోండి. కాలి ఉచ్చు చేతి వెడల్పు పొడవైనా ప్రతి అడుగుకూ శక్తి వృథా. తాడుకంటే సన్నని త్రాడు కావాలి. 8 నుంచి 9 మిల్లీమీటర్ల తాడుకు 5, 6 మిల్లీమీటర్లవి వాడతారు. ఇంకా సన్నని తాళ్లు తీసుకెళ్తుంటే మీ ప్రూసిక్ పడుతుందో లేదో బరువేసి చూడకుండా బయల్దేరొద్దు.

చీలిక కిందికి సన్నబడి మనిషి ఇరుక్కున్నట్టయితే తొందర చాలా ఎక్కువ అవసరం. ఒంటి వేడికి ఐస్ కరిగి మనిషి ఇంకా కిందికి దిగి బిగుసుకుంటాడు.

స్పృహ లేకపోతే?

పైనున్నవాళ్లలో ఒకరు దిగాలి, పైన యాంకర్ రెండింతలు గట్టిగా ఉంటేనే. శ్వాస ఆడుతుందా, తల ఎలా ఉంది చూసి, ఛాతీకి స్లింగ్ కట్టి నిటారుగా నిలిపి, వెచ్చగా ఉంచాలి. కదలకుండా హార్నెస్‌లో వేలాడితే కాళ్లలో రక్తం చేరి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. స్పృహ ఉన్నవాళ్లయితే కాళ్లు ఉచ్చులో పెట్టి ఆడిస్తుండాలి. సాధనలో ఒక వంతు తప్పకుండా ఇలాగే చేయండి: వేలాడే మనిషి ఏమీ సాయం చేయకూడదు, మాట్లాడకూడదు.

ఇద్దరమే వెళుతున్నాం. సరిపోతామా?

ఆపేదీ, యాంకర్ కట్టేదీ, లాగేదీ ఒక్కరే. పడ్డవాళ్లు బరువైనవాళ్లయి, దారి వాలుగా గట్టిగా ఉంటే ఇద్దరూ లోపలికి వెళ్లే ప్రమాదం నిజమైనది. ఇద్దరూ పై వరుస అంతా ఒంటరిగా, మనిషి బరువుతో పూర్తి చేయగలిగేదాకా చీలికలు దాగున్న గ్లేసియర్‌కు వెళ్లొద్దని నా సలహా. మూడోవాళ్లు దొరికితే తీసుకోండి, లేదా మరో జట్టుతో దగ్గరగా నడవండి. సాయానికి ఇంకొందరు ఉంటే పుల్లీలు కూడా అక్కర్లేదు, నలుగురు కలిసి నేరుగా లాగేస్తారు.

నిజమైన చీలికలో సాధన చేయవచ్చా?

అనుభవమున్న శిక్షకుడు పక్కన ఉంటే చేయండి, విలువైనది. లేకపోతే గాలి కోసిన మంచు గట్టు, కొన్ని మీటర్ల ఎత్తున్న అంచు చాలు. చుట్టుపక్కల నేలంతా ప్రోబ్‌తో (పొడవాటి సన్నని కడ్డీతో) గుచ్చి చూడండి, సాధన జరిగే చోటే వేరే చీలిక ఉండొచ్చు. వేలాడే మనిషికి రెండో తాడు, దానికి పూర్తిగా వేరే యాంకర్, దాన్ని పట్టుకునే వేరే మనిషి ఉండాలి. దూకడం వద్దు, నెమ్మదిగా దింపండి. అందరికీ హెల్మెట్ ఉండాలి. అంచు దగ్గర కట్టుకోకుండా ఎవరూ నిలబడకూడదు, ఫొటో తీసేవాళ్లు కూడా.

ఎప్పుడు, ఎన్నిసార్లు?

బయల్దేరడానికి కొన్ని వారాల ముందు మొదలుపెట్టి వారానికో పూట నేల మీద చేయండి. గ్లేసియర్ మీద అడుగుపెట్టే ముందు రోజు మొత్తం వరుస ఒకసారి. ప్రతిసారీ పాత్రలు మార్చండి. ఎప్పుడూ లాగే పాత్రలోనే ఉండేవాళ్లకు వేలాడటం తెలియదు. జట్టులో బాగా తెలిసిన మనిషినే చీలికలో పడ్డట్టు పెట్టి, మిగతావాళ్లతో చేయించండి. గడియారం చూసి చేయడం వరుస తప్పకుండా వచ్చాకే.

యాత్ర దగ్గరపడింది, మాకు ఇంకా సరిగ్గా రావడం లేదు. ఏం చేయాలి?

ఏది రావడం లేదో చూడండి. 6:1 మాత్రమే గందరగోళంగా ఉంటే 2:1, 3:1తో వెళ్లొచ్చు. ఆపడం, యాంకర్, బరువు మార్చడం, తాడు ఎక్కడం, వీటిలో ఏ ఒక్కటి రాకపోయినా గైడ్‌ను పెట్టుకోండి, లేదా గ్లేసియర్ దాటని దారి ఎంచుకోండి. ఈ నిర్ణయం జట్టులో అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను చూసి తీసుకోవాలి. పడేది మీరైతే మిమ్మల్ని పైకి తీయాల్సింది వాళ్లే.